క్లాంప్ మీటర్ కొనేముందు చూడవలసిన చిన్న అంకె

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణానికి వెళ్లి, తీగను దవడలతో పట్టి అందులోని కరెంటును కొలిచే క్లాంప్ మీటర్ తక్కువ ధరలో చూపించమని అడిగితే, ముందుగా బయటికి వచ్చే పెట్టె మీద ఒక పెద్ద అంకె ఉంటుంది: 600 ఆంపియర్లు, లేదంటే 1000 ఆంపియర్లు. పక్కనే 100 ఆంపియర్ల వరకే కొలిచే మరో మీటరు దానికి రెండు మూడు రెట్ల ధర పలుకుతుంది. తక్కువ కొలిచేదానికి ఎక్కువ డబ్బెందుకు అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు ముగించి, మొదటి సంపాదనతో పనిముట్లు సమకూర్చుకునే కుర్రవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పెద్ద అంకె ఉన్న మీటరు కొంటారు. ఆరు నెలల తర్వాత అది సంచి అడుగున పడి ఉంటుంది.

ఆ 1000 ఆంపియర్లు ఈ రెండు జిల్లాల పల్లెల్లో ఎక్కడ దొరుకుతాయో ఒక్కసారి లెక్క వేయాలి. ఊళ్లో సాధారణంగా కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు మీద, 433 వోల్టుల వైపు, ఒక్కో ఫేజులో ఇచ్చేది సుమారు 133 ఆంపియర్లు. పొలం గట్టున ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అయితే 33. అంటే ఊరంతా ఒకేసారి మీటరు దవడల్లోంచి వెళ్లినా 200 దాటదు. ఇక రోజువారీ పనిలో ఎదురయ్యేవి చూస్తే, 5 హెచ్.పి. మూడు ఫేజుల మోటారు పూర్తి లోడు మీద తీసుకునేది దాదాపు ఏడున్నర ఆంపియర్లు. ఒకటిన్నర టన్నుల ఎయిర్ కండిషనర్ ఏడెనిమిది. పాత రకం సీలింగ్ ఫ్యాను ఆంపియరులో మూడో వంతు. ఎల్ఈడీ బల్బు అంతకన్నా ఎంతో తక్కువ. పలాస జీడి పరిశ్రమల్లోనో జనపనార మిల్లుల్లోనో పెద్ద ప్యానెళ్ల మీద పనిచేసేవారి అవసరం వేరు. ఇళ్లు, దుకాణాలు, బోరు మోటార్లు చూసుకునే మనిషి పనంతా 20 ఆంపియర్ల లోపే జరుగుతుంది.

కాబట్టి అసలు అడగవలసిన ప్రశ్న, ఈ మీటరు ఎంత చిన్న కరెంటును విడదీసి చూపగలదు అన్నది. చౌక మీటరులో అతి చిన్న రేంజి 200 ఆంపియర్లు అయితే తెర మీద కనిపించే అతి చిన్న మెట్టు 0.1 ఆంపియరు. పెట్టెలోని కాగితంలో కచ్చితత్వం గురించి సాధారణంగా ఇలాంటి మాట ఉంటుంది: చూపిన విలువలో 2 శాతం, దానికి తోడు 5 అంకెలు. చాలామంది ఆ 2 శాతం చూసి తృప్తి పడతారు. ప్రమాదం ఆ 5 అంకెల్లో ఉంది. చివరి మెట్టు 0.1 అయినప్పుడు 5 అంకెలంటే అర ఆంపియరు. 0.3 తీసుకునే ఫ్యానుకు అలాంటి మీటరు 0.8 చూపినా, సున్నా చూపినా తయారీదారు చెప్పిన హద్దులోనే ఉన్నట్టు. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద పసుపు కొమ్ము పెట్టి తూచినట్టుంటుంది ఈ వ్యవహారం. అదే, 60 ఆంపియర్ల రేంజిలో 0.01 మెట్టు ఉన్న మీటరు అయితే పొరపాటు ఫ్యాను దగ్గర 0.06 లోపే ఉంటుంది. 7.5 ఆంపియర్ల మోటారు దగ్గర చౌక మీటరు అటూ ఇటూగా 0.65 తప్పుతుంది, రెండోది 0.2 తప్పుతుంది.

పాత మీటరు చేతిలో ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు. ఒక ప్లగ్గు, ఒక సాకెట్టు, కొన్ని గజాల తీగతో దాని చూపును పదింతలు చేసుకోవచ్చు. ప్లగ్గు నుంచి సాకెట్టుకు న్యూట్రల్, ఎర్తు నేరుగా వెళ్లాలి. ఫేజు తీగను మాత్రం అరచేతి వెడల్పున గుండ్రంగా పది చుట్లు చుట్టి, ట్యాగులతో బిగించి, ఆ తర్వాత సాకెట్టుకు కలపాలి. ఆ పది చుట్లనూ కలిపి దవడల్లో పెడితే ఒకే కరెంటు పదిసార్లు వెళ్లినట్టు లెక్క. 0.3 ఆంపియర్లు 3.0గా కనిపిస్తుంది. తెర మీది అంకెను పదితో భాగించాలి, దానితో పాటు పొరపాటూ పదో వంతు అవుతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగతో చేసిన ఈ చుట్టను చిన్న పరికరాలకే వాడాలి. గీజరు లాంటి వాటికి చుట్ట అవసరమే లేదు, అవి ఎలాగూ స్పష్టంగా కనిపిస్తాయి. మీటరు కొనడానికి ఇంకా డబ్బు కూడని వారికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

పాతతరం మెకానిక్కులు టాంగ్ టెస్టర్ అని పిలిచే ఈ మీటరు గొప్పతనమంతా తీగను కోయకుండా, స్క్రూ విప్పకుండా కరెంటును చూపడంలోనే ఉంది. దవడల లోపల ఇనుప పలకలు గానీ, ఫెర్రైటు అనే అయస్కాంత పదార్థం గానీ ఉంటుంది, దాని మీద సన్నని తీగ చుట్టి ఉంటుంది. ఎ.సి. కరెంటు వెళ్లే తీగ చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఈ చుట్టలో చిన్న కరెంటును పుట్టిస్తుంది. అంటే ఇదొక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్. అందుకే ఒక్క తీగనే దవడల్లో పెట్టాలి. మిక్సీ వైరును మొత్తంగా పడితే సున్నా వస్తుంది. వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కొత్తవారు చాలామంది ఆ సున్నా చూసి మీటరు పాడైందనుకుంటారు.

ఆ సున్నా రాకపోవడమే కొన్నిసార్లు అతి ముఖ్యమైన సమాచారం. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి పట్టుకున్నప్పుడు ఏదైనా మిగిలిందంటే, అంత కరెంటు తిరిగి రావలసిన దారిలో రావడం లేదన్నమాట. తడిసిన గోడలోకో, మోటారు ఒంట్లోకో, ఎర్తు తీగలోకో పోతోంది. కరెంటు లీకైతే సరఫరాను తెంచే రక్షణ పెట్టె, ఆర్.సి.సి.బి., పడిపోయేది ఇందుకే. ఇళ్లలో వాడే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు పడాలి. వానాకాలంలో అది మాటిమాటికీ పడిపోతుంటే విసిగిపోయి, దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేయడం ఊళ్లలో మామూలైపోయింది. ఇది ఎంతమాత్రం సమర్థించలేని పని. ఆ పెట్టె పడిపోవడం జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పే జ్వరం. మిల్లీ ఆంపియర్లు చూపే మీటరు ఉంటే, ఆర్.సి.సి.బి. నిలబడి ఉన్న సమయంలో ఒక్కో సర్క్యూటు ఫేజు, న్యూట్రల్ జంటను బోర్డు దగ్గర వరసగా పట్టి చూడవచ్చు. అన్ని జంటల్లోనూ రెండు మూడు మిల్లీ ఆంపియర్లు ఉండి, వంటింటి సర్క్యూటులో మాత్రం 22 కనిపించిందనుకుందాం. గ్రైండరో, గోడలోని పైపులో నీరు దిగిన తీగో దోషి అని పావుగంటలో తేలుతుంది. 2 ఆంపియర్ల రేంజిలో 1 మిల్లీ ఆంపియరు మెట్టు ఉన్న మీటరుకైనా చివరి అంకెల పొరపాటు ఉంటుంది కాబట్టి, 5 మిల్లీ ఆంపియర్ల రీడింగును ఉన్నదున్నట్టు నమ్మకూడదు. కానీ దోషిని పట్టుకోవడానికి అది చాలు. 0.1 మెట్టు ఉన్న మీటరుకు ఈ లోకమే కనిపించదు. దాని మొదటి మెట్టే 100 మిల్లీ ఆంపియర్లు.

ఈ ప్రాంతంలో క్లాంప్ మీటరుకు అసలైన పని పొలంలో ఉంది. నాగావళి, వంశధార ఆయకట్టు దాటి బోర్ల మీద ఆధారపడిన చోట్ల, ఉద్దానం కొబ్బరి తోటల్లో, మోటారు కాలిపోవడమంటే రీవైండింగ్ ఖర్చుతో పాటు కొన్ని రోజుల తడి పోవడం. మోటారు కాలడానికి తరచుగా కనిపించే కారణం మూడు ఫేజుల్లో ఒకటి లేకపోవడం. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో తోటలతో పాటు వేల విద్యుత్ స్తంభాలను పడగొట్టింది. అంత పెద్ద విపత్తే అక్కరలేదు, మామూలు గాలివానకు ఒక జంపరు (స్తంభం మీద రెండు తీగలను కలిపే ముక్క) వదులైనా, ఒక ఫ్యూజు కాలినా చాలు. తిరుగుతున్న మోటారు రెండు ఫేజుల మీద కూడా తిరుగుతూనే ఉంటుంది. చూసేవాడికి నీళ్లు పడుతూనే ఉంటాయి. శబ్దంలో కొంచెం గురక కలుస్తుంది, అంతే.

స్టార్టరు పెట్టె తెరిచి, మోటారుకు వెళ్లే మూడు తీగలనూ ఒక్కొక్కటిగా పట్టి చూస్తే ఆ గురకకు అర్థం తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 5 హెచ్.పి. మోటారులో 7.4, 7.6, 7.3 లాంటి దగ్గరి అంకెలు వస్తాయి. ఒక ఫేజు పోయినప్పుడు ఒక తీగలో సున్నా ఉంటుంది, మిగిలిన రెండింటిలో కరెంటు సుమారు 1.73 రెట్లకు, అంటే 13 ఆంపియర్ల దాకా పెరుగుతుంది. ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా అమర్చి ఉంటే కాసేపట్లో మోటారును ఆపేస్తుంది. దాన్ని 15 దగ్గరకు తిప్పి పెట్టినా, అడ్డుగా ఉందని తప్పించినా, వైండింగు కాలిన వాసన వచ్చేవరకు ఎవరికీ తెలియదు. అందుకే మీటరు కొన్నవారు చేయవలసిన మొదటి పని, మోటారు బాగున్న రోజునే మూడు ఫేజుల అంకెలను, వాటితో పాటు వోల్టేజీని, స్టార్టరు మూత లోపల పెన్నుతో రాసి పెట్టుకోవడం. తర్వాతి రీడింగుకు అర్థం వచ్చేది ఆ మొదటి రీడింగు ఉన్నప్పుడే. మూడింటిలో ఒకటి రెండు ఆంపియర్లు ఎక్కువగా ఉంటే వోల్టేజీలోనూ తేడా ఉందేమో చూడాలి. ఫేజుల మధ్య వోల్టేజీలో కొద్దిపాటి తేడా, కరెంటులో అంతకు ఎన్నో రెట్ల తేడాగా బయటపడుతుంది. వోల్టేజీ సమానంగా ఉండి కరెంటు మాత్రమే తేడాగా ఉంటే అప్పుడు మోటారును అనుమానించాలి. మూడింటిలోనూ కరెంటు పెరిగి, వోల్టేజీ తగ్గి ఉంటే అది లైను మీది లోడు సమస్య.

మోటారు మొదలయ్యే క్షణంలో తీసుకునే కరెంటు పూర్తి లోడు కరెంటుకు ఆరేడు రెట్లు ఉంటుంది. మామూలు మీటరు తెర సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే మారుతుంది కాబట్టి ఆ పోటును సరిగా పట్టుకోలేదు. గరిష్ఠ విలువను నిలిపి ఉంచే బొత్తాము ఉన్నంత మాత్రాన సరిపోదు, ఇన్‌రష్ అని ప్రత్యేకంగా ఉండాలి. అయితే మొదటి మీటరుకు దీనికోసం డబ్బు వెచ్చించనక్కరలేదు.

డి.సి. సంగతి అలా కాదు. దవడల్లో చుట్ట మాత్రమే ఉన్న మీటరు డి.సి.ని చూడలేదు. మారని అయస్కాంత క్షేత్రం చుట్టలో కరెంటు పుట్టించదు. ఇన్వర్టరు బ్యాటరీ తీగను పడితే ఛార్జింగు ఎంత జరుగుతున్నా తెర మీద సున్నాయే. పెట్టె మీద డి.సి. అని రాసి ఉండటం చూసి చాలామంది మోసపోతారు. అది చాలాసార్లు మీటరుతో వచ్చే ఎరుపు, నలుపు తీగల కొనలతో కొలిచే డి.సి. వోల్టేజీ గురించిన మాట. డి.సి. కరెంటు కొలవాలంటే దవడల సందులో అయస్కాంత క్షేత్రాన్ని గుర్తించే హాల్ సెన్సరు ఉండాలి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావం మీద పనిచేసే సెన్సరు అది, ధర పెరిగేది దానివల్లే. ఈ పదేళ్లలో మన జిల్లాల్లో ఆ అవసరం బాగా పెరిగింది. ఇంటింటా ఇన్వర్టర్లు వచ్చాయి, పట్టణాల్లో బ్యాటరీ ఆటోలు తిరుగుతున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో మేడల మీద సౌర పలకలు పెరుగుతున్నాయి. సౌర పలకల వరసలో కరెంటు కొలవడానికి ఎండలో కనెక్టరు ఊడదీస్తే, డి.సి. నిప్పు తెగకుండా సాగి చేతులు కాలుస్తుంది. అలాంటి చోట తీగను విప్పకుండా కొలిచే మీటరు సౌకర్యం కోసం కాదు, ప్రాణం కోసం. ఈ పని చేయాలనుకునేవారు డి.సి. క్లాంప్ లేని మీటరు కొనడం డబ్బు దండగ.

హాల్ సెన్సరుకు ఒక బలహీనత ఉంది. చుట్టుపక్కల ఉన్న ఏ అయస్కాంతాన్నయినా, చివరికి భూమి అయస్కాంతాన్ని కూడా, అది కరెంటుగానే చూస్తుంది. అందుకే దవడల్లో ఏమీ లేకుండా కొలవబోయే చోటే, కొలవబోయే దిశలోనే మీటరును పట్టుకుని సున్నా బొత్తాము నొక్కాలి. ఆ తర్వాతే తీగను పట్టాలి. ఈ అలవాటు లేక, మంచి మీటర్లను కూడా చాలామంది చెడ్డవని తిట్టుకుంటారు.

ట్రూ ఆర్.ఎం.ఎస్. అన్న మాట, అంటే తరంగం ఆకారం ఎలా ఉన్నా కరెంటు అసలు విలువను చూపే గుణం, ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తోంది. తరంగం నున్నగా ఉన్నప్పుడు, అంటే హీటరు, ఇస్త్రీ పెట్టె, నేరుగా లైను మీద నడిచే మోటారు దగ్గర, ఆ గుణం లేని మీటరు కూడా దాదాపు సరైన విలువే చూపుతుంది. సగటును కొలిచి, దాన్ని 1.11తో హెచ్చించి చూపడం దాని పద్ధతి. తరంగం ముక్కలైన చోట, అంటే ఎల్ఈడీ బల్బులు, కంప్యూటర్లు, చౌక ఇన్వర్టర్ల వెలువరింత, వేగం మార్చే డ్రైవుల దగ్గర, ఆ హెచ్చింపు తప్పుతుంది. రీడింగు కొన్నిసార్లు 40 శాతం దాకా తక్కువ రావచ్చు. పొలం మోటార్లే ప్రధానమైన పని అయితే ఇది లేకున్నా గడుస్తుంది. ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు చూసేవారికి మాత్రం కావాలి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. దవడలు తొడుగు ఉన్న తీగను పట్టుకున్నంత సేపు మనిషికీ కరెంటుకూ మధ్య దూరం ఉంటుంది. ప్రాణం తీసేవి ఆ మీటరుతో పాటు వచ్చే ఎరుపు, నలుపు తీగలు. వోల్టేజీ చూడటానికి వాటి కొనలను నేరుగా కరెంటున్న లోహానికి ఆనిస్తారు. ఆ క్షణంలో లైను మీదికి పిడుగు పోటు వచ్చినా, పెద్ద మోటారు ఆగినప్పుడు వోల్టేజీ ఎగసినా, మీటరు లోపల నిప్పు పుట్టి చేతిలో పేలగలదు. దీన్ని తట్టుకునే శక్తిని చెప్పేదే క్యాట్ గుర్తు. క్యాట్ 2 అంటే సాకెట్టుకు తగిలించే పరికరాల దగ్గర వాడదగినది. క్యాట్ 3 ఇంటి మెయిన్ బోర్డు, స్టార్టరు ప్యానెళ్ల దగ్గరకు. క్యాట్ 4 ఇంటి కరెంటు మీటరు, సర్వీసు తీగ, స్తంభం వైపుకు. క్యాట్ 3, 600 వోల్టుల మీటరు 6000 వోల్టుల క్షణిక పోటును తట్టుకోవాలి. క్యాట్ 4, 600 వోల్టులది 8000ను తట్టుకోవాలి. క్యాట్ 3 అయినా 300 వోల్టులదైతే 4000 వరకే.

సూత్రం ఒక్కటే, ట్రాన్స్‌ఫార్మరుకు ఎంత దగ్గరైతే అంత ప్రమాదం. పట్నంలో ఇంటికీ ట్రాన్స్‌ఫార్మరుకూ మధ్య సన్నని తీగ ఎంతో దూరం ఉంటుంది. పొలంలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు మోటారుకు పక్కనే ఉంటుంది, మీద ఆకాశం తప్ప ఏ నీడా ఉండదు. అందువల్ల ఇంట్లో పనికొచ్చిన క్యాట్ 2 మీటరు తీగలను పొలం స్టార్టరులో పెట్టకూడదు. అక్కడ కనీసం క్యాట్ 3, 600 వోల్టులు ఉండాలి, క్యాట్ 4 ఉంటే ఇంకా మంచిది. మీటరుకు ఒక గుర్తు, తీగలకు మరో గుర్తు ఉంటే తక్కువదే లెక్క. క్యాట్ 3 తీగల కొనల్లో బయటికి కనిపించే లోహం 4 మిల్లీమీటర్లకు మించకూడదు. కొనలు వేలు పొడుగున మెరుస్తుంటే వాటికి తొడుగు ఉందో లేదో అడగాలి. గుర్తు అచ్చు వేయడం ఎవరికైనా తేలికే కాబట్టి యూఎల్, టీయూవీ, ఈటీఎల్ లాంటి స్వతంత్ర పరీక్షా సంస్థల ముద్ర ఉన్న మీటరుకు విలువ ఎక్కువ. సీఈ ముద్రను చాలా వస్తువులకు తయారీదారు తానే వేసుకోవచ్చు. స్తంభం మీద, సర్వీసు తీగ మీద ఏ మీటరుతోనూ ప్రైవేటు మనిషి చేయి పెట్టకూడదు. అది విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ సిబ్బంది పని.

తీగకు తాకకుండా కరెంటు ఉందని కూత పెట్టే సదుపాయం ఇప్పుడు చాలా మీటర్లలో ఉంది. అది కూస్తే జాగ్రత్త పడటానికి పనికొస్తుంది. కూయకపోతే కరెంటు లేదని నమ్మడానికి మాత్రం పనికిరాదు. చేయి పెట్టేముందు, కరెంటు కచ్చితంగా ఉన్న సాకెట్టులో మీటరును చూసుకుని, పని చేయవలసిన చోట చూసి, తిరిగి మొదటి సాకెట్టులో చూసుకోవాలి. మూడో చూపు లేకపోతే మధ్యలో మీటరు బ్యాటరీ చచ్చిపోయిందో, తీగ లోపల తెగిందో తెలియదు.

ధరలు దుకాణాన్ని బట్టి మారతాయి. సుమారుగా చెప్పాలంటే వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికేవి ఎ.సి. కరెంటు మాత్రమే, 0.1 మెట్టుతో చూపే రకాలు. 266 అంకెతో రకరకాల పేర్ల మీద అమ్ముడయ్యే పాత నమూనా ఈ కోవలోదే. పొలం మోటార్లు మాత్రమే చూసే రైతుకు, ఇంట్లో ఒకటి ఉండాలనుకునేవారికి ఇది చాలు. అయితే మీటరు మీదే క్యాట్ 3, 600 వోల్టుల గుర్తు లేకపోతే, తీగలు ఎంత మంచివైనా పొలం స్టార్టరులో దాంతో వోల్టేజీ చూడకూడదు. రెండు మూడు వేలకు 0.01 మెట్టు, ట్రూ ఆర్.ఎం.ఎస్. ఉన్న ఎ.సి. మీటర్లు వస్తాయి. ఇంటి వైరింగు మీద బతికేవారికి సరైన చోటు ఇది. ఇంకొంచెం పైన డి.సి. కరెంటు కూడా కొలిచేవి ఉంటాయి. యూనీ-టీ యూటీ210ఈ చిన్న కరెంట్లకు పేరు పొందింది. 2 ఆంపియర్ల రేంజిలో 1 మిల్లీ ఆంపియరు దాకా చూపుతుంది, ఎ.సి., డి.సి. రెండూ కొలుస్తుంది. కానీ దాని గరిష్ఠ కరెంటు 100 ఆంపియర్లు, దవడల వెడల్పు 17 మిల్లీమీటర్లు, గుర్తు క్యాట్ 3, 300 వోల్టులు. ఇన్వర్టరు బ్యాటరీకి, ఇంటి బోర్డుకు అది చక్కటి పనిముట్టు. సౌర పలకల తీగల్లో కరెంటు చూడటానికీ పనికొస్తుంది, ఆ వరసల ఎక్కువ వోల్టేజీని కొలవడానికి మాత్రం దాన్ని వాడకూడదు. పొలం స్టార్టరులో వోల్టేజీ చూడటానికీ అది సరిపోదు. ఒకే మీటరుతో అన్నీ కావాలంటే ధర ఇంకా పైకి పోతుంది. అంతకన్నా రెండు చిన్న మీటర్లు ఉండటం మేలు.

దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. లోపలి తీగలు విడదీసిన చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఉంటే చాలు. 230 వోల్టుల దగ్గర అది 4.35 ఆంపియర్లు తీసుకోవాలి. వోల్టేజీ 210కి దిగితే కరెంటు కూడా 3.97కు దిగుతుంది. అందుకే ముందు అదే మీటరుతో వోల్టేజీ చూసి లెక్క వేసుకోవాలి. ఇస్త్రీ పెట్టె వేడెక్కి దీపం ఆరిందంటే కరెంటు సున్నా అవుతుంది, దాన్ని చూసి కంగారు పడకూడదు. పెట్టె వాట్లలోనే కొంత తేడా ఉంటుంది కాబట్టి పదో వంతు అటూ ఇటూ వచ్చినా పరవాలేదు. రీడింగు వస్తుండగా తీగను దవడల మధ్యలోంచి అంచుకు జరపాలి, ఆ తర్వాత దవడలను వేళ్లతో గట్టిగా నొక్కాలి. తీగ జరిపినప్పుడు కొద్దిగా మారడం సహజం. నొక్కినప్పుడు అంకె పెరిగిందంటే దవడలు పూర్తిగా మూసుకోవడం లేదు, ఆ సందులోంచి కొలత జారిపోతోంది. అలాంటప్పుడు ఇంకో మీటరు తీసి చూపించమని అడగాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీర గ్రామాల్లో ఉప్పు గాలికి దవడల ముఖాల మీద తుప్పు చేరినా ఇదే జరుగుతుంది. అప్పుడు పొడి గుడ్డతో ఆ రెండు ముఖాలనూ తుడిచి, ఇస్త్రీ పెట్టెతో మళ్లీ చూసుకోవాలి.